నిద్రపోతున్న పిల్లల్ని ఎందుకు లేపలేదు?

ఉద్యోగ జీవితం మొత్తానికి నాకు వచ్చిన మెమో ఒక్కటే. అది మందు తప్పుగా ఇచ్చినందుకు కాదు, డ్యూటీకి ఆలస్యంగా వెళ్ళినందుకూ కాదు. ‘సమావేశ సమయమున నిద్రించుచున్న విద్యార్థినులను లేపుటకు నిరాకరించినందులకు తగు సంజాయిషీ ఇవ్వవలెను’ అని అందులో ఉంది. ఒక నర్సుకి ఇంతకన్నా మంచి మెమో రాదని నా అభిప్రాయం. సంజాయిషీ మాత్రం నేను రాయలేదు. ఈ మధ్య హాస్టళ్ళలో నర్సులుగా చేరుతున్న ఆడపిల్లలు కలిసినప్పుడల్లా, “మేడమ్, పిల్లలు నిద్రపోవడం లేదు, ఊరికే ఏడుస్తున్నారు, ఏం చెయ్యమంటారు?” అని అడుగుతున్నారు. అందుకని ఆ సంజాయిషీ ఏదో ఇప్పుడు మీకోసం రాస్తున్నాను. కాస్త ఆలస్యమైంది. నేనూ ప్రభుత్వ ఉద్యోగినే కదా.

మాది సాలూరు. కొండ కింద పుట్టాను, ఉద్యోగమంతా కొండ మీద చేశాను. మొదట్లో డొంకరాయిలో ఉన్నాను. క్వార్టర్సుకి దగ్గరలోనే డ్యామ్ నుంచి వదిలిన నీళ్ళు హోరుమంటూ పోయేవి. చేరిన కొత్తలో ఆ హోరుకి కన్ను మూతపడక, బదిలీ కోసం కనబడిన ప్రతి అధికారినీ బతిమాలాను. తీరా బదిలీ అయి వేరే ఊరు వెళ్ళాక ఆ హోరు లేక నిద్ర పట్టలేదు. ఆ సంగతి తలుచుకుని నవ్వుకున్నాను కానీ, అందులో నేను నేర్చుకోవలసింది ఏదైనా ఉందేమోనని ఆలోచించలేదు. నా నోటి దురుసు గురించి కూడా ముందే చెప్పేస్తున్నాను. నాతో పనిచేసిన వాళ్ళెవరైనా మీకు తారసపడితే ఎలాగూ చెబుతారు.

చివరి పోస్టింగు అరకు లోయలో, కొండ ఊళ్ళ ఆడపిల్లలు చదివే ఒక డిగ్రీ కాలేజీ హాస్టల్లో. నేను చేరేనాటికి హాస్టలంటే ఒక పొడవాటి రేకుల షెడ్డు. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చాపలు పరిచి, వాటి మీద ఒకరినొకరు ఆనుకుని పడుకునేవారు. ఒకరి దుప్పటి పక్కమ్మాయి మీద ఉండేది, ఆ పక్కమ్మాయి కాలు ఇంకొకరి మీద ఉండేది. వరసలో ఒక పిల్ల ఒత్తిగిలితే మిగతా వాళ్ళందరూ ఒత్తిగిలాల్సిందే. ఒకరికి గజ్జి వచ్చిందంటే నాలుగు రోజుల్లో హాస్టలంతా గోక్కునేది. నేను తెల్లటి లోషన్ సీసాలు పట్టుకుని వరసలో నిలబెట్టి, అందర్నీ తిడుతూ రాసేదాన్ని.

తర్వాత కొత్త బిల్డింగు వచ్చింది. గదికి ముగ్గురు చొప్పున, ఎవరి ఇనప మంచం వారికి, ఎవరి అలమర వారికి. మంచానికీ మంచానికీ మధ్య మనిషి నడిచేంత ఖాళీ ఉండాలని పట్టుబట్టినది మా వార్డెన్. ఆవిడ విజయనగరం మనిషి, శుభ్రత అంటే ప్రాణం పెడుతుంది. ప్రారంభోత్సవం రోజున అందరం చప్పట్లు కొట్టాం. పిల్లలైతే మంచాల మీద కాళ్ళు వేలాడేసుకుని కూర్చుని ఫోటోలు దిగి ఇళ్ళకు పంపుకున్నారు. ఇష్టం లేని పని వాళ్ళ చేత చేయించామని అనుకోకండి. ఆ మంచాలు చూసి వాళ్ళెంత సంబరపడ్డారో నా కళ్ళారా చూశాను.

గజ్జి తగ్గిపోయింది. నాకు పని లేకుండా పోతుందనుకుంటే, సిక్ రూమ్ ముందు కొత్త వరస మొదలైంది. తలనొప్పి, కడుపునొప్పి, కళ్ళు తిరగడం, ఆకలి లేకపోవడం. ఒక పిల్ల ఊరికే ఏడుస్తుంది, ఎందుకని అడిగితే తెలీదంటుంది. తెలిసిన మాత్రలన్నీ ఇచ్చాను. వాటిలో ఏదీ పనిచెయ్యలేదు. క్లాసుల్లో కునికిపాట్లు పడుతున్నారని లెక్చరర్లు ఫిర్యాదు చేశారు. కొత్త బిల్డింగులో ఏదో తిరుగుతోందని పిల్లల మధ్య గుసగుసలు బయల్దేరాయి. పునాది తవ్వినప్పుడు కొండదేవతకు కోడిని కొయ్యలేదు కాబట్టి ఆవిడ ఎవర్నీ నిద్రపోనివ్వడం లేదని ఒక వర్గం వాదన.

ప్రిన్సిపాల్ గారు మీటింగు పెట్టారు. ఆయన మంచివారే. పిల్లల చదువంటే తపన ఉన్న మనిషి, ముక్కు మీద కోపం. కారణం ఫోన్లేనని ఆయన తేల్చేశారు. సాయంత్రం టీ అని వార్డెన్ అంది. రక్తహీనత అని నేను అన్నాను. ఎవరికి ఏది తెలుసో వాళ్ళకి అదే కనబడింది. చివరికి ఫోన్లు సాయంత్రమే లాగేసుకున్నారు, టీ ఆపేశారు, నేను ఐరన్ మాత్రలు పంచాను. లైట్లు ఆర్పాక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్ళకూడదని, మాట్లాడుకోకూడదని రూలు కూడా పెట్టారు. పిల్లల పరిస్థితి ఇంకా దిగజారింది. ఫోన్ల మాటలో నిజం లేదని నేననడం లేదు. కానీ ఆ ఫోన్లో అమ్మ గొంతు కూడా ఉంటుందని మాకు తట్టలేదు.

ఆ పిల్లల్లో ఫైనలియర్ చదివే అమ్మాయి ఒకతి ఉండేది. డుంబ్రిగుడ దాటి, జీపు దిగాక ఇంకా పైకి నడవాల్సిన ఊరు. ఆ ఊళ్ళో డిగ్రీ చివరి ఏడు దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల. బి.ఇడి. చేసి, తమ ఊరి బళ్ళోనే టీచర్‌గా చేరాలని ఆమె కోరిక. వాళ్ళ బడికి వచ్చే టీచర్లకి పిల్లల భాష రాదని, తను అయితే రెండు భాషల్లోనూ చెబుతానని అనేది. గలగలా నవ్వే మనిషి. రేకుల షెడ్డు రోజుల్లో లోషన్ రాసేటప్పుడు నన్ను అనుకరించి, నేను తిట్టినట్టే తిట్టి అందర్నీ నవ్వించేది. నాకు కోపం వచ్చేది, కానీ అచ్చం నాలాగే చేసేది.

ఆ పిల్ల కొత్త బిల్డింగులోకి వెళ్ళాక వడిలిపోయింది. కళ్ళ కింద నల్లటి చారలు, చేతులు వణుకు. రోజూ సిక్ రూమ్‌కి వచ్చి బల్ల మీద కూర్చునేది.

“ఏటే గుంటా, మళ్ళీ వచ్చినావు? రాత్రి పడుకున్నావా లేదా?” అని అడిగాను ఒకరోజు.

“నిద్దర రాట్లేదమ్మా. కళ్ళు మూస్తే గుండె దడదడమంటంది. గదిలో ఏటీ సప్పుడుండదు. నూతిలో పడిపోయినట్టుంటాది.”

“సప్పుడు లేకపోతే మంచిదే కదే. ఇంకా బాగా పడతాది నిద్దర.”

ఆ పిల్ల నా వంక ఒకసారి చూసి తల దించుకుంది. నేను బీపీ చూసి, అంతా బాగానే ఉందని చెప్పాను. అప్పుడు నెమ్మదిగా అంది: “నాకు పిచ్చెక్కుతందేటమ్మా? పుస్తకం తీస్తే అచ్చరాలు కనబడతన్నాయి గానీ బుర్రకెక్కట్లేదు. సచ్చిపోతే నిద్దరేనా పడతాది గదా అనిపిస్తంది ఒకోపాలి.”

చిన్న వయసులో ఉద్యోగంలో చేరే మీ అందరికీ ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ మాట చెవిన పడ్డాక నర్సు కుర్చీలో కూర్చోకూడదు. ఊరికే అంటోందని, పరీక్షల భయమని సరిపెట్టుకోకూడదు. ఆ పూటే ఆ పిల్లను ఆసుపత్రికి తీసుకెళ్ళాను. డాక్టరు కుర్రవాడు, ఓపిగ్గా విన్నాడు. ఒంటరిగా వదలొద్దని, వారం వారం తనకు చూపించమని, విశాఖపట్నం నుంచి ఒక కౌన్సిలర్‌ని పిలిపించి పిల్లలందరితో మాట్లాడించమని చెప్పాడు. మందులు అవసరమవుతాయో లేదో ఆవిడ చూశాక నిర్ణయిద్దామన్నాడు. వార్డెన్ తన గదిలోనే ఆ పిల్లకి మంచం వేయించింది. పాపం, ఆవిడ మనసు మంచిదే. కానీ వార్డెన్ పక్కన పడుకుంటే ఎవరికి నిద్ర పడుతుంది చెప్పండి!

ఇంతలో ఆ పిల్ల ఇంటికి ఫోను చేసి, చదువు వద్దు, వచ్చి తీసుకుపొమ్మని తండ్రితో చెప్పేసింది. సెమిస్టర్ పరీక్షలు దగ్గర్లోనే ఉన్నాయి. అలా మధ్యలో వెళ్ళిపోయిన పిల్లల్లో తిరిగి వచ్చినవాళ్ళను నేను చూడలేదు. ఇంటికెళ్తే చేలో పని ఉంటుంది, చంటిపిల్లల్ని చూసుకోవాలి, పెళ్ళి మాటలు మొదలవుతాయి. పరీక్షలయ్యే దాకా ఆగమని బతిమాలాను. నాకు బతిమాలడం చేతకాదు, అది కూడా తిట్టినట్టే ఉంటుంది. 

కౌన్సిలర్ వచ్చినదీ, ఆ పిల్ల తండ్రి వచ్చినదీ ఒకే రోజు. సంత రోజు. అల్పపీడనం పట్టి ముసురేసింది. పొద్దున్నే ఆయన కావిడి భుజాన వేసుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. సన్నగా, పొడుగ్గా ఉన్న మనిషి, తల మీద ప్లాస్టిక్ సంచి కప్పుకున్నాడు. కావిడిలో తెచ్చిన అల్లం సంతలో దింపేసి వచ్చాడు. ఖాళీ అయిన బుట్టల్లో ఒకదాన్లో కూతురి పెట్టె, రెండోదాన్లో పరుపు, పుస్తకాలు పెట్టుకుని పోవాలని వచ్చాడు. మధ్యాహ్నం సంత జీపు వెళ్ళిపోతే మళ్ళీ వారం సంత దాకా వాళ్ళ వైపు బండి ఉండదు.

“పిల్లని తీసికెలిపోతాను నర్సమ్మా. బేగి పంపీండి, జీపెలిపోద్ది” అన్నాడు.

“పట్నం నుంచి ఒకావిడొచ్చింది మాట్లాడ్డానికి. అది అయ్యేదాకా ఉండు నాయనా. విన్నాక కూడా నీ పిల్ల వస్తానంటే నేనే పెట్టె మోసి కావిట్లో పెడతాను” అన్నాను. ఆయన సరేనని షెడ్డు అరుగు మీద గొంతుక్కూర్చున్నాడు.

అరుగు అన్నాను కదా, మీటింగు పాత రేకుల షెడ్డులోనే పెట్టాం. కొత్త బిల్డింగులో గదులే గానీ అందరూ పట్టే హాలు లేదు. నేల మీద జంపఖానాలు పరిచి, చలికి పిల్లల్ని ఎవరి దుప్పటి వాళ్ళని తెచ్చుకోమన్నాం. తెర మీద బొమ్మలు చూపించాలని కిటికీలకి కంబళ్ళు కట్టి హాలు చీకటి చేశాం. పిల్లలందరూ వచ్చి పాత అలవాటు ప్రకారం ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. పైన రేకుల మీద వాన ఒకే తీరుగా పడుతోంది.

కౌన్సిలర్ చిన్నమ్మాయి, నా ఉద్యోగమంత వయసు కూడా ఉండదేమో. మెత్తటి గొంతు. నిద్ర ఎందుకు ముఖ్యమో, సరిగ్గా నిద్రలేకపోతే మనసు ఎలా బరువెక్కుతుందో, జ్ఞాపకశక్తి ఎలా తగ్గుతుందో బొమ్మలు చూపిస్తూ చక్కగా చెప్పింది. ఏడుపు రావడం తప్పు కాదని, పిచ్చి కాదని, ఎవరికో ఒకరికి చెప్పుకోవాలని చెప్పింది. నాకు ఆ అమ్మాయి నచ్చింది. తర్వాత, “ఇప్పుడందరూ కళ్ళు మూసుకోండి. మెల్లగా ఊపిరి పీల్చి, మెల్లగా వదలండి” అంది.

పిల్లలు కళ్ళు మూసుకున్నారు. ఊపిరి పీల్చారు, వదిలారు. కాసేపటికి ముందు వరసలో ఒక పిల్ల తల పక్కమ్మాయి భుజం మీద వాలింది. ఆ పక్కమ్మాయి తల ఆ పైపిల్ల మీద వాలింది. వెనక వరసలో ఎవరో గోడ పక్కకి జారి కాళ్ళు చాపుకున్నారు. దుప్పట్లు ఒకరి మీంచి ఇంకొకరి మీదికి పాకాయి. “ఇప్పుడు మెల్లగా కళ్ళు తెరవండి” అని కౌన్సిలర్ చెప్పేసరికి కళ్ళు తెరిచి ఉన్నది ఆ అమ్మాయీ, వార్డెనూ, నేనూ మాత్రమే. హాలంతా గాఢ నిద్ర. మూలన ఎవరో గుర్రు కూడా పెడుతున్నారు.

“మేడమ్, నేను అంత బోరుగా చెప్పానా?” అని కౌన్సిలర్ నా చెవిలో అడిగింది. పాపం, మొహం కందగడ్డలా అయిపోయింది. వార్డెన్ చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని పిల్లల్ని లేపబోతుంటే, నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపాను. నా చూపు మా ఫైనలియర్ పిల్ల మీద ఉంది. జూనియర్ పిల్ల ఒడిలో తలపెట్టి, నోరు కొంచెం తెరిచి, ఒళ్ళు తెలియకుండా నిద్రపోతోంది. వణికే ఆ చేతులు వణకడం లేదు. అన్ని వారాల తర్వాత ఆ మొహంలో అలజడి లేకపోవడం చూసి నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను అంత తేలిగ్గా ఏడ్చే మనిషిని కాను.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వందన సమర్పణ ఆయనే చెయ్యాలి. శాలువా కప్పాలి. ఫోటోలు తీసి సాయంత్రంలోగా పై ఆఫీసుకి పంపాలి. ఆ ఫోటోల్లో పిల్లలు శ్రద్ధగా వింటూ కనబడాలి. ఆయన తలుపు దగ్గర నిలబడి ఆ దృశ్యం చూశారు.

“ఏమిటండీ ఇది? అంత దూరం నుంచి వచ్చిన మనిషి మాట్లాడుతుంటే అందరూ పడుకోవడమా? కాలేజీ పరువు ఏం కావాలి?” అని, గోడకున్న పాత చేతిగంట తీశారు. ఆ గంట మోగిస్తే లోయ అవతలి వాళ్ళు కూడా లేస్తారు.

అరుగు మీదున్న తండ్రి లేచి వచ్చి ప్రిన్సిపాల్ గారికి అడ్డంగా నిలబడ్డాడు. చేతులు జోడించాడు.

“వొద్దు బాబూ. గంట కొట్టకండి. నిద్దరోయినోల్లని అలగ లేపకూడదు.”

“ఎవరు నువ్వు?”

“ఆ గుంట తండ్రిని బాబూ. నిద్దరోయినప్పుడు మనిసిలో జీవుడు తిరగడానికెల్తాడు. కొండ మీదికెల్తాడు, ఏటి కాడికెల్తాడు. గభాల్న లేపేస్తే ఆడికి తిరిగొచ్చే దారి తెల్దు. మనిసి బెంగట్టుకు పోతాది. మాయింట్లో గేదిని కూడా నిద్దరలో లేపం బాబూ.”

“మీ ఊళ్ళో అందరూ చర్చికి వెళ్ళేవాళ్ళే కదయ్యా? ఇవన్నీ నమ్ముతారా?”

“చర్చికెల్తాం బాబూ. మావోల్లు పాస్టరుగారు ప్రసంగం సేస్తన్నప్పుడు కూడా నిద్దరోతారు. ఆయనా లేపరు.”

కౌన్సిలర్ అటు తిరిగి నవ్వు ఆపుకుంది. ప్రిన్సిపాల్ గారి మొహం మాత్రం ఎర్రబడింది. నా వైపు తిరిగి, “మీరు హెల్త్ స్టాఫ్. మీరే నెమ్మదిగా లేపండి” అన్నారు.

“నేను లేపను సార్” అన్నాను.

“ఏం?”

“నిద్రకి మందు దొరక్క ఇన్నాళ్ళూ తిప్పలు పడుతున్నాం. ఇప్పుడు నిద్రపోతుంటే లేపమంటారా? మీరు లేపాలంటే ఈ గుమ్మంలో నన్ను దాటుకుని వెళ్ళాలి.”

ఆ మాట అంత పెద్ద గొంతుతో అనవలసిన అవసరం లేదు. వార్డెన్ కూడా, “ఉండనివ్వండి సార్, పాపం” అంది. శుభ్రతకీ క్రమశిక్షణకీ ప్రాణం పెట్టే మనిషి ఆ మాట అనేసరికి ఆయన గంట బల్ల మీద పెట్టి, విసవిసా ఆఫీసుకి వెళ్ళిపోయారు. నా మెమో అప్పుడే టైపయి ఉంటుంది.

మేం ముగ్గురం అరుగు మీద కూర్చున్నాం, నేనూ కౌన్సిలరూ ఆ తండ్రీ. వార్డెన్ తనే వంటింట్లోంచి టీ పట్టుకొచ్చి ఇచ్చింది. తను ఆపించిన టీ. కౌన్సిలర్ ఆయన్ని ఇంటి సంగతులు అడిగింది. ఇంట్లో ఎక్కడ పడుకుంటారని అడిగింది.

“ఒకటే గది గదమ్మా. మజ్జిలో పొయ్యి. పొయ్యి సుట్టూరా అందరం. దీని మామ్మ దగ్గుతాది. తమ్ముడు కలవరిస్తాడు. బయట మేకలు కదుల్తాయి. రేతిరి ఎప్పుడు మెలకువొచ్చినా పక్కన ఎవరో ఒకరి ఊపిరి తగుల్తాది.”

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. ‘గదిలో ఏటీ సప్పుడుండదు’ అని ఆ పిల్ల నాకు చెప్పనే చెప్పింది. డొంకరాయిలో నీటి హోరు వదిలి వచ్చాక నేనూ పైకప్పు చూస్తూ పడుకున్నదాన్నే. ఆ మాటే కౌన్సిలర్‌తో అన్నాను. పుట్టినప్పటి నుంచి పక్క మనిషి వెచ్చదనంలో పెరిగిన పిల్లల్ని తీసుకొచ్చి, మధ్యలో మనిషి నడిచేంత ఖాళీ వదిలి మంచాలు వేశాం, పైగా చీకటి పడ్డాక మాట్లాడుకోకూడదన్నాం. పిల్లలకి కూడా ఆ సంగతి తెలీలేదు, మంచం దొరికినందుకు ఆనందపడ్డారు కదా. మంచం మీద నిద్ర పట్టకపోవడం తమ లోపమనుకున్నారు.

కౌన్సిలర్, “నేను చూపించిన బొమ్మల్లో అన్నింటిలోనూ మంచం మీద ఒక్క మనిషే ఉన్నాడు మేడమ్” అంది.

మధ్యాహ్నం సంత జీపు హారన్ కొడుతూ గేటు ముందు నుంచి వెళ్ళింది. తండ్రి లేచి చూశాడు, హాలు వైపు చూశాడు, మళ్ళీ కూర్చున్నాడు. “పోతే పోనీ” అన్నాడు.

పిల్లలు ఒక్కొక్కరే సాయంత్రానికి లేచారు. సిగ్గుపడిపోతూ కౌన్సిలర్‌కి సారీ చెప్పారు. అందరికన్నా ఆఖరున లేచింది మా పిల్ల. దుప్పటి కప్పుకుని బయటికి వచ్చేసరికి, అరుగు మీద కావిడిబద్దకి తల ఆనించి తండ్రి నిద్రపోతున్నాడు. తెల్లారకముందే బయల్దేరి అల్లం మోసుకొచ్చిన మనిషి మరి.

“లేపనా?” అన్నాను.

“వొద్దమ్మా” అని గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. తన దుప్పటి తీసి ఆయనకి కప్పి పక్కన కూర్చుంది. కాసేపటికి, “అమ్మా, ఆకలేస్తంది” అంది. ఆ మాట కోసం ఎన్ని రకాల మాత్రలు ఇచ్చానో గుర్తొచ్చి, నేనే వెళ్ళి అన్నం కలుపుకొచ్చాను. ఎంత తిందో లెక్కపెట్టకూడదు కానీ, వంటామె రెండోసారి అన్నం వండింది.

ఆ రోజు చీకటి పడ్డాక ఎవరూ చెప్పకుండానే పిల్లలు పరుపులు చంకన పెట్టుకుని షెడ్డులోకి వచ్చేశారు. వార్డెన్ చూసి కూడా చూడనట్టు తన గది తలుపేసుకుంది. తర్వాతి వారాల్లో కొత్త బిల్డింగులోనే మంచాలు మూడూ దగ్గరికి జరిపి, వాటి కాళ్ళు తాళ్ళతో కలిపి కట్టేశారు. మాట్లాడుకోకూడదనే రూలు పోయింది. పడుకునే ముందు ఇంటికి ఒకసారి ఫోను చేసుకోవచ్చు, ఆ తర్వాత ఫోన్లు వార్డెన్ బల్ల మీద ఉంటాయని పిల్లలే ఒప్పుకున్నారు. గజ్జి మాత్రం బంగారంలా తిరిగి వచ్చింది. నాకు అభ్యంతరం లేదు. గజ్జికి నా దగ్గర మందుంది.

ఇది విని మంచాలు దగ్గరికి జరిపేస్తే చాలు, అందరి మనసులూ బాగుపడిపోతాయని అనుకోకండి. ఆ హాస్టల్లోనే ఇంకో పిల్లకి అది చాలలేదు. ఆమె బాధ వేరు, లోతైనది. కౌన్సిలర్ కనిపెట్టి విశాఖపట్నంలో మానసిక వైద్యుడికి చూపించింది, ఆ పిల్ల చాలా నెలలు మందులు వాడింది, కోలుకుంది. మందు కావలసిన చోట మందే వెయ్యాలి, సిగ్గుపడకూడదు. మా ఫైనలియర్ పిల్లకీ ఒక్క రోజులో అంతా నయమైపోలేదు. వారం వారం డాక్టరు దగ్గరికి వెళ్ళింది, కౌన్సిలర్‌తో మాట్లాడింది, కొన్నిసార్లు నా దగ్గర కూర్చుని ఏడ్చింది. నేను మీకు చెప్పదలచుకున్నది చిన్న మాటే. పిల్లకి నిద్ర రావడం లేదంటే, ఇంతకు ముందు ఎలా నిద్రపోయేదో అడగండి. ఏ పుస్తకంలోనైనా అది ఉండే ఉంటుంది. నేను చదవలేదు.

ముందుకు వెళ్ళిపోయాను. వెనక్కి వస్తాను. మెమో ఆ సాయంత్రమే నా చేతికి వచ్చింది. మర్నాడు పొద్దున ముసురు విడిచింది. రాత్రికి అక్కడే ఉండిపోయిన తండ్రి ముఖం కడుక్కుని కావిడి సర్దుకుంటున్నాడు. కూతురు అరుగు మీద పుస్తకం తెరుచుకుని కూర్చుంది. నేను ఏమీ అడగలేదు. అడిగితే తిట్టినట్టే ఉంటుందని భయం.

“ఎల్దామేటమ్మా?” అని ఆయనే అడిగాడు.

ఆ పిల్ల పుస్తకంలోంచి తలెత్తింది. “పరీచ్చలు రాసేసొస్తాను నాన్నా” అంది.

ఆయన కూతురి మొహం చాలాసేపు చూశాడు. ఏం కనబడిందో, తల ఊపి కావిడి భుజానికెత్తుకున్నాడు. గేటు దాకా నేనూ వెంట వెళ్ళాను. అక్కడ ప్రిన్సిపాల్ గారు ఎదురయ్యారు. రాత్రి ఆయన కూడా సరిగ్గా నిద్రపోయినట్టు లేదు. ఖాళీ బుట్టలు చూసి ఆగారు.

“పెట్టె తీసుకెళ్ళడానికి వచ్చావట కదా. ఏమయింది?”

“పిల్ల నిద్దరోయింది బాబూ” అన్నాడు ఆయన. “ఇంకేటి తీసికెల్తాను?”

ప్రిన్సిపాల్ గారు పక్కకి తప్పుకుని దారి ఇచ్చారు. జీపు లేదు, కొండ దాకా నడకే. రెండు ఖాళీ బుట్టలు ఊగుతుంటే తడి రోడ్డు మీద ఆయన తేలిగ్గా నడిచి వెళ్ళిపోవడం మేమిద్దరం మలుపు దాకా చూస్తూ నిలబడ్డాం. సంజాయిషీ ఎప్పుడిస్తారని ప్రిన్సిపాల్ గారు నన్ను అప్పుడూ అడగలేదు, ఆ తర్వాతా అడగలేదు.